గోడ మీద అంకె

నూట పద్దెనిమిది. నూట పంతొమ్మిది. మళ్లీ నూట పద్దెనిమిది. మంచిది, అక్కడే ఉండు, కదలకు, అనుకుంది మారిట్. కాళ్లు వాటి మానాన అవి తిరుగుతున్నాయి, కళ్లు మాత్రం ఎదుటి గోడ మీది తెరకి అతుక్కుపోయాయి. తెర మీద పదకొండు పేర్లు, ఒక్కో పేరు కింద రెండేసి అంకెలు, పైది కాళ్ల బలం, కిందది గుండె వేగం. మిగతావాళ్లందరికీ పైఅంకె మీదే మోజు, పోయిన వారం కంటే నాలుగు పెరిగిందా, పక్కవాడికంటే రెండు తగ్గిందా అని. పిల్లలు గోలీలు లెక్కపెట్టుకున్నట్టు లెక్కపెట్టుకుంటారు, జుట్టు నెరిసినవాళ్లు కూడా. మారిట్‌కి కావలసింది ఒక్కటే, మూడో వరసలో ఓరిన్ అన్న పేరు కింద ఆకుపచ్చగా వెలుగుతున్న ఆ కిందంకె. అది నూట ముప్పై దాటకూడదు. దాటిందా, ఎదురు మాట్లాడకుండా ఓరిన్ సైకిల్ దిగిపోవాలి. భార్యాభర్తల మధ్య క్రిస్మస్ ముందు మూడు రోజుల మౌనం తర్వాత కుదిరిన ఒప్పందం అది. అతను ఆమెకి ఐమూలగా ముందున్నాడు, వీపూ మెడా ఒక చెవీ కనిపిస్తున్నాయి, ముప్పై ఏళ్లుగా చూస్తున్న వీపే. కానీ వీపు అబద్ధమాడగలదు, మనిషి అంతకంటే బాగా ఆడగలడు, గోడ మీది అంకె ఆడదు. అందుకే ఆమె గోడనే చూస్తోంది.

బయట సున్నాకి ఇరవై నాలుగు డిగ్రీలు కింద ఉంది. పొద్దున ట్రక్కు స్టార్ట్ కావడానికి నాలుగుసార్లు ఏడ్చింది. సరస్సు ఒడ్డునుంచి ఒడ్డుదాకా గడ్డకట్టింది, చేపలు పట్టేవాళ్లు దాని మీద చెక్క గుడిసెలు వేసుకొని నెలరోజులైంది, రోడ్ల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. ఈ ఊళ్లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సైకిల్ మీద మనసున్నవాళ్లు చేసే పని ఇదే, లైల్ దుకాణం వెనక గదిలోకి ఎవరి సైకిల్ వాళ్లు మోసుకొచ్చి, వెనక చక్రం ఊడదీసి, ఇనుప స్టాండుకి బిగించుకొని, గంటసేపు ఎక్కడికీ వెళ్లకుండా తొక్కడం. ఒకప్పుడు అది టైర్ల గోడౌను. ఇప్పటికీ రబ్బరు వాసన పోలేదు, దాని మీద చైను నూనె, చెమట, ఎవరో తిని వదిలేసిన అరటితొక్క. ఒక్కో సైకిల్ ముందు ఒక్కో ఫ్యాను, హ్యాండిల్ మీద ఒక్కో తువ్వాలు, కింద ఒక్కో చెమట మడుగు. తలుపు దగ్గర మంచు బూట్లు వరసగా కరుగుతున్నాయి. ఫ్యాన్ల హోరు, పాట హోరు, చైన్ల హోరు, వాటి పైనుంచి లైల్ అరుపు. లైల్ కెసెనిక్ దుకాణం యజమానీ కోచూ కూడా. ఓరిన్‌తో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు, ఆ చనువు నోట్లోంచి పోలేదు.

నవంబరులో మొదటి తరగతి రోజు లైల్ ప్రతివాళ్ల ఛాతీ పట్టీనీ, గుండె వేగం పట్టి గోడకి పంపేదాన్ని, కంప్యూటర్‌కి చూపించి పేరు రాసిపెట్టాడు. ఈ పట్టీ కార్లీన్‌ది, ఈ పట్టీ మారిట్‌ది, ఇలా. ఆ రోజునుంచి ఇంకేం చెయ్యక్కర్లేదు, వచ్చి పట్టీ కాస్త తడిపి ఛాతీకి కట్టుకుంటే చాలు, గోడ మీద పేరు దానంతటదే వెలుగుతుంది. పోయినేడాది రాసిపెట్టిన ఓరిన్ పేరు మాత్రం నవంబరంతా, డిసెంబరంతా బూడిదరంగులో ఉండిపోయింది, ఊళ్లో లేనివాడి ఇంటి కిటికీలా. మారిట్ వచ్చేది, ఆ పేరు కేసి చూడకుండా తొక్కేది, ఇంటికి పోయి ఏమీ జరగనట్టు వంట చేసేది. తరగతిలో ఏం చేశారని అతను అడిగేవాడు కాదు. ఒకసారి మాత్రం, ఆమె పట్టీ కడుగుతుంటే వెనకనుంచి వచ్చి, లైల్‌గాడు ఇప్పటికీ ఆ పాత పాటలే పెడుతున్నాడా అన్నాడు. ఆ గొంతు విని, అతన్నీ రానివ్వాలని ఆ రాత్రే నిశ్చయించుకుంది. నిజం చెప్పాలంటే అది ప్రేమా జాలా అని ఇప్పటికీ తేల్చుకోలేదు.

సెప్టెంబరులో ఆదివారం. కంకర దారుల్లో అరవై మైళ్లు తొక్కి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడి గిన్నెలో పాలు పోసుకుంటున్నాడు ఓరిన్. ఆమె అటు తిరిగి ఉంది. డబ్బా నేల మీద పడ్డ చప్పుడు, పాలు బల్ల కిందికి పారడం. ఆమె తిరక్కుండానే, చూసుకోవా కాస్త, ఇప్పుడేగా తుడిచాను, అంది. ముప్పై ఏళ్ల కాపురంలో మనిషి చావు అంచుదాకా వెళ్లిన క్షణంలో ఆమె నోట్లోంచి వచ్చిన మాట అది. తిరిగి చూస్తే పాలల్లో పడి ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి. అంబులెన్సువాళ్లొచ్చి తీసుకుపోయారు, ఐదు రోజుల తర్వాత తిరిగొచ్చాడు. డాక్టరమ్మ చిన్న వయసుది, కాగితం మీద గుండె బొమ్మ గీసి, ఇక్కడ లయ తప్పుతోంది, మార్చిలో చిన్న ఆపరేషన్ చేద్దాం, అప్పటిదాకా నూట ముప్పై లోపల ఉంచండి, అంది. నడవొచ్చు, మెల్లగా సైకిల్ తొక్కొచ్చు, అంకె చూసుకుంటూ. దాటితే లయ తప్పొచ్చు, తప్పితే మళ్లీ దొరక్కపోవచ్చు. ఆ చివరి మాట ఓరిన్ విన్నాడో లేదో ఆమెకి తెలీదు, ఎందుకంటే సైకిల్ అన్న మాట దగ్గరే అతని ముఖం విప్పారింది.

"ఏంటి మారిట్, పొద్దున్నే ఎవరైనా తరుముతున్నారా నిన్ను?"

లైల్. ఆమె ఉలిక్కిపడి తన పేరు కేసి చూసుకుంది. నూట నలభై ఆరు. ఇదేమిటి. తను ఊరికే కాళ్లాడిస్తోందంతే, శ్వాస కూడా మామూలుగానే ఉంది, కావాలంటే పాట పాడొచ్చు. మూడు వారాలుగా ఈ గేరులో ఈ వేగంలో నూట పదిహేను దాటలేదు.

"కాఫీ రెండు కప్పులు తాగాను," అంది.

"రెండు కప్పులా, రెండు కెటిళ్లా? కొంచెం తగ్గించు. ఒరేయ్ ఓరిన్, నీది భేషుగ్గా ఉంది. నూట ఇరవై ఐదు దాకా రావచ్చు నువ్వు, ఒక గేరు వేసుకో."

ఓరిన్ వెనక్కి తిరక్కుండా బొటనవేలు ఎత్తి చూపించాడు, గేరు టక్కుమంది. మారిట్ తన గేరు దించుకుంది. కాఫీ కాదు, తెలుసు. భయం. మూడు వారాలైంది అతను తరగతికి రావడం మొదలుపెట్టి, ప్రతి శనివారం పొద్దున నిద్రలేస్తూనే కడుపులో ఒక రాయి, అది గుండెకి ఎక్కి ఉంటుంది ఇవాళ. పైగా ఇవాళ అతని పుట్టినరోజు. అరవై. పొద్దున ఓట్స్ గిన్నెలో ఒక కొవ్వొత్తి గుచ్చి ఇస్తే పసివాడిలా ఊదాడు, ఊదిన తర్వాత కాసేపు బల్ల పట్టుకొని నిలబడ్డాడు. ఏంటి అంటే ఏం లేదు, మోకాలు, అన్నాడు. కౌంటీ తరఫున రోడ్ల మీది మంచు తోసే బండి నడుపుతాడు, ఈ వారంలో నాలుగు రోజులు తెల్లవారకముందే లేచి రోడ్లు గీకాడు, అలసట ఉండదా మరి. అలా అనుకొని ఊరుకుంది. పక్క సైకిల్ మీద పోస్టాఫీసు కార్లీన్ ఏదో చెబుతోంది, తరగతి అయ్యాక బేకరీలో దాల్చినచెక్క రొట్టెల్లో ఒకదాని మీద కొవ్వొత్తి పెట్టమని ముందే చెప్పి వచ్చిందట, ఓరిన్‌కి చెప్పకు అంటోంది. చెప్పను, అంది మారిట్, గోడ చూస్తూ. నూట పన్నెండు. ఎంత బుద్ధిమంతుడైపోయాడు, గేరు పెంచినా తగ్గుతోంది.

పెళ్లయిన కొత్తలో ఆమెకి సైకిల్ అంటే బజారుకి పోయే వస్తువు. రెండో చలికాలం అతను గరాజులో మూడు ఇనుప రోలర్లు పెట్టి, వాటి మీద సైకిల్ నిలబెట్టి, ఎక్కు, కింద చూడకు, నా ముఖం చూడు, అన్నాడు. ఆమె ముఖం చూసింది, నవ్వొచ్చింది, సైకిల్‌తో సహా పోయి జింక మాంసం దాచుకునే ఫ్రీజరు మీద పడింది. ఆ మచ్చ మోచేతి మీద ఇప్పటికీ ఉంది. పడ్డా ఫరవాలేదు, ఇంకోసారి, నా ముఖం చూడు, అన్నాడు. ఆ చలికాలం అంతా అతని ముఖం చూస్తూనే నేర్చుకుంది, మార్చి వచ్చేసరికి గరాజు గోడలు లేనట్టే తొక్కేది. మేలో జరిగే వంద మైళ్ల కంకర పందెంలో ఓరిన్ ఇరవై రెండేళ్లు వరసగా తొక్కాడు, ఒక్క ఏడు కూడా వదల్లేదు. ఈ ఏడు వదులుతాడని ఆమె అనుకుంటోంది, వదలనని అతను అనుకుంటున్నాడు, ఆ మాట ఇద్దరూ ఎత్తరు. కలప సామాను కొట్లో కొనుక్కొచ్చిన క్యాలెండరులో మే నెల కాగితం మూల మడిచి ఉంది. ఎవరు మడిచారని ఆమె అడగలేదు.

నూట యాభై ఎనిమిది, అంటోంది గోడ, ఆమె పేరు కింద. ఈసారి అంకె పసుపురంగులోకి మారింది. ఆమె ఇంకో గేరు దించింది, కాళ్ల కింద ఏమీ లేనట్టే ఉంది, గాలిలో తొక్కుతున్నట్టు. అయినా తగ్గదే. ఎడమచేత్తో మణికట్టు పట్టుకొని చూసుకుందామనుకుంది, హ్యాండిల్ వదిలితే లైల్ చూస్తాడు, గోల చేస్తాడు, ఓరిన్ వెనక్కి తిరుగుతాడు, తన కోసం అతను కంగారుపడితే అతని అంకె ఎగిరిపోతుంది. వద్దు. ఇదేదో తనకీ ఉందేమో. వాళ్లమ్మకి ఉండేది, చర్చిలో పాట మధ్యలో కూలబడింది ఒకసారి. సోమవారం డాక్టరమ్మకి ఫోన్ చేస్తాను, ఓరిన్‌కి తెలియకుండా చేస్తాను. ఇద్దరికీ ఒకేసారి వస్తే ఎవరు ఎవర్ని చూడాలి? అతనికి తన మందుల డబ్బా ఎక్కడుందో తెలీదు. ఇలా అనుకుంటే నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఒళ్లు జలదరించింది, ఎందుకో తెలీదు. ఫ్యాను గాలి అనుకుంది.

"ఓరిన్, నూట పది! నిద్రపోతున్నావా ఏంట్రా? ఇంకో గేరు!"

టక్. అతని భుజాలు ఒకసారి పైకి లేచి కిందికి దిగాయి. మెడ మీదినుంచి చెమట ధారగా కారుతోంది. చెమట మామూలే, చెమట లేకపోతే చలికాలపు తరగతే కాదు. కానీ ఆ చెవి. ఉడికించిన బంగాళాదుంప తొక్క తీస్తే ఉండే రంగులో ఉంది చెవి. ఆమె చెవిని చూసింది, గోడని చూసింది, మళ్లీ చెవిని. ట్యూబులైటు అయి ఉంటుంది. ఈ లైట్ల కింద అందరూ శవాల్లాగే ఉంటారు. ఛ, ఏం మాట. నూట పది. పది తక్కువ నూట ఇరవై, ఇరవై తక్కువ నూట ముప్పై. ఊరి మంచినీళ్ల ప్లాంటులో పంతొమ్మిదేళ్లుగా ఆమె పని మీటర్లు చూడటం. చేరిన మొదటి వారమే నేర్పారు, కళ్లు ఒకటి చెప్పి మీటరు ఒకటి చెబితే మీటరు మాట విను. ఒకసారి సీనియరు రూబెన్, నలభై ఏళ్ల అనుభవం, నీళ్లు వాసన చూసి, మందు తక్కువైంది, పెంచు, అన్నాడు. మీటరు సరిగ్గా ఉంది అంది మారిట్, పెంచనంది. రూబెన్ ముఖం మాడ్చుకొని పోయాడు. మర్నాడు పరీక్ష చేస్తే మీటరే నిజం, రూబెన్‌కి జలుబు. ఆ మర్నాటినుంచి ప్లాంటులో ఆమె మాటకి విలువ వచ్చింది. ఆ గర్వం ఇంకా ఉంది ఆమెకి, దాచుకోదు. చెవి చెప్పేది వాసన లాంటిది. మీటరు ఆకుపచ్చగా ఉంది.

ఒక్కసారి ఓరిన్ వెనక్కి తిరిగాడు. ముఖం తడిసి మెరుస్తోంది, పెదాలు సన్నగా ఉన్నాయి, నవ్వుతున్నాడు.

"చూశావా? నూట ఎనిమిది. పెళ్లికొడుకు గుండె!"

"ఎలా ఉంది నీకు?"

"కాళ్లు చచ్చాయి. నాలుగు నెలలు కూర్చోబెట్టావుగా, ఏముంటుంది వాటిల్లో? గుండె మాత్రం భేషు."

"కళ్లు తిరగడం లేదుగా?"

"గోడ చూడవే బాబూ," అన్నాడు ముందుకి తిరుగుతూ, "నన్ను కాదు."

కార్లీన్ కిసుక్కున నవ్వింది. మారిట్ కూడా నవ్వింది, నవ్వాలి కాబట్టి. అతను చెప్పింది నిజమే, తను పెట్టిన షరతే అది. నువ్వు బాగున్నానంటే నమ్మను, గోడ బాగున్నావంటే నమ్ముతాను, అని డిసెంబరులో తను అన్న మాట. సెప్టెంబరులో కూడా బాగున్నాననే అన్నాడు మరి, అరవై మైళ్లు తొక్కి వచ్చి, గుమ్మంలో. ఒంటిని నమ్మొద్దు, ఒళ్లు బద్ధకిస్తుంది, భయపడుతుంది, సాకులు చెబుతుంది, అంకెని నమ్మండి, అని లైల్ ప్రతి నవంబరులో చెప్పే ఉపన్యాసం, ఈ గదిలో అందరికీ కంఠతా వచ్చు. ఓరిన్‌కి ఇరవై ఏళ్లుగా వచ్చు. అందుకే కాళ్లు చచ్చాయి అంటాడు గానీ ఛాతీ బరువుగా ఉంది అనడు. గోడ మీద లేని బరువు బరువు కాదు అతనికి. అసలు తనకైనా అంతేకదా, శ్వాస చల్లగా నడుస్తుంటే గోడ నూట అరవై ఆరు అంటోందని సోమవారం డాక్టరు దగ్గరికి పోదామనుకోవడం లేదూ.

పాట ఆగిపోయింది. యాభై నిమిషాలయ్యాయి, ఇక చల్లబరచుకొని దిగిపోవడమే అనుకుంది. కానీ లైల్ గది మధ్యలోకి వచ్చి చేతులు రుద్దుకుంటున్నాడు. మర్చిపోయింది. ఈ గది ఆచారం. ఎవరి పుట్టినరోజు ఆ వారంలో వస్తే శనివారం చివర్లో వాళ్ల పేరు మీద పదేళ్లకో నిమిషం చొప్పున ప్రాణం పెట్టి తొక్కాలి, పుట్టినరోజువాడు ముందు, మిగతావాళ్లు వెనక. పోయినేడు మారిట్‌కి ఐదు నిమిషాలు తొక్కారు, ఆమె చివర్లో ఏడ్చింది కూడా, సంతోషంతో.

"ఇవాళ ఒకడికి అరవై నిండాయి," అన్నాడు లైల్. "చూస్తే ఎనభై అనుకుంటారు, మంచులో తిరిగి అలా అయిపోయాడు."

అందరూ పెడళ్ల మీద బూట్లు టకటకలాడించారు, చప్పట్ల బదులు. ఓరిన్ చెయ్యి ఎత్తాడు.

"నన్నొదిలెయ్యండ్రా. మీరు తొక్కండి, నేను అరుస్తా. మా ఆవిడ చంపేస్తుంది."

"ఒరేయ్, నీ గుండె నూట ఎనిమిది కొట్టుకుంటోంది. మా తాత కునుకు తీసినప్పుడు అంతే కొట్టుకునేది. పూర్తిగా వద్దు, సగం బలం పెట్టు చాలు. నూట ఇరవై ఎనిమిది అయితే నేనే వచ్చి నీ గేరు దింపేస్తా. ఏమంటావ్ మారిట్?"

అందరూ ఆమె కేసి చూశారు. ఓరిన్ కూడా తిరిగి చూశాడు. ఆ ముఖం చూసి ఉంటే ఏమనేదో. ఆమె చూడలేదు, ముఖం చూస్తే మెత్తబడిపోతానని భయం, అతను కావాలనుకున్నది ఇచ్చేస్తానని భయం, అందుకని న్యాయంగా ఉండాలని గోడ కేసి చూసింది. నూట ఎనిమిది, ఆకుపచ్చ. పంతొమ్మిదేళ్ల అలవాటుతో ఇంకోసారి చూసింది. నూట ఎనిమిది. తల ఊపింది.

మొదటి నిమిషం. గదంతా లేచి నిలబడి తొక్కుతోంది, ఇనుప స్టాండులు నేలని వణికిస్తున్నాయి, ఆమె తప్ప, తన అంకె నూట డెబ్భై ఒకటి ఉండగా ఆమె లేచి తొక్కేంత మూర్ఖురాలు కాదు, కాళ్లు దాదాపు ఆపేసినట్టే తిప్పుతోంది. రెండో నిమిషం. తెర మీద అంకెలన్నీ ఎక్కుతున్నాయి, కార్లీన్ నూట అరవై, వెనక వరస కుర్రకారు నూట ఎనభై, పసుపులు నారింజలవుతున్నాయి. ఓరిన్ నూట నాలుగు. ఎంత ముచ్చటేసిందో ఆమెకి ఒక్క క్షణం. నయమైపోయింది, గుండె నయమైపోయింది, ఆపరేషనే అక్కర్లేదేమో, మే నెల పందేనికి పోవచ్చు, తను కూడా వెళ్లొచ్చు పక్కన తొక్కుతూ, అతని భుజాలు చూడు ఎలా కదులుతున్నాయో, పాత ఓరిన్. నూట మూడు. నూట రెండు. అంత బలం పెడుతుంటే తగ్గడమేమిటి. సగం బలం అన్నాడు లైల్, సగం కాదు అది, పై అంకె చూడు, ముప్పావు దాటింది, గోడ తక్కువ చూపిస్తోందని ఇంకా పెడుతున్నాడు. పెట్టేకొద్దీ గోడ ఇంకా తగ్గుతోంది. పంపు పెంచుతుంటే మీటరు ఎక్కకపోతే దానర్థమేమిటి? కొత్తగా చేరినవాళ్లకి ఆమె స్వయంగా నేర్పే పాఠం అది, మొదటి వారంలోనే. పంపు పెంచినా మీటరు కదలకపోతే, ఆ మీటరు ఆ గొట్టానిది కాదు.

కాళ్లు ఆపేసింది. పూర్తిగా. ఎందుకు ఆపిందో మనసు ఇంకా చెప్పలేదు, కాళ్లకే తెలిసింది. తెర మీద ఓరిన్ అన్న పేరు కింద నూట రెండు, నూటొకటి, తొంభై ఎనిమిది. ఎదురుగా ఓరిన్ వంగి, పళ్లు బిగించి తొక్కుతూనే ఉన్నాడు. తొంభై ఐదు. ఆమె ఊపిరి బిగబట్టింది, వదిలింది. తొంభై మూడు. తన గుండె. ఓరిన్ పేరు కింద గంటనుంచి కొట్టుకుంటున్నది తన గుండె. గురువారం స్నానాలగదిలో గొట్టం గడ్డకట్టింది, ఎప్పుడూ ఎవరి పట్టీ వాళ్లు అక్కడ కడిగి ఎవరి కొక్కేనికి వాళ్లు తగిలించుకునేవాళ్లు. ఈసారి రెండూ తనే వంటింటి తొట్టిలో కడిగి పొయ్యి కమ్మీ మీద పక్కపక్కన ఆరేసింది, ఒకే కంపెనీవి, ఒకటే నలుపు, రెండూ తనే తీసింది, ట్రక్కులో తనే ఇదిగో నీది అని చేతిలో పెట్టింది. అయితే తన పేరు కింద గంటనుంచి. నూట నలభై ఆరు. నూట యాభై ఎనిమిది. తను భయపడి నెమ్మదించినకొద్దీ అతని పేరు కింద అంకె దిగింది, అది దిగినకొద్దీ ఇంకో గేరు, ఇంకో గేరు. తనే తొక్కించింది. కళ్లు పక్కకి తిప్పి తన పేరు చూసింది. ఎర్రగా నూట తొంభై నాలుగు.

"ఓరిన్!"

ఎవరికీ వినపడలేదు. లైల్ పాట మళ్లీ పెట్టాడు, నాలుగో నిమిషం అని అరుస్తున్నాడు, పదకొండు ఫ్యాన్లు. బూట్లు పెడళ్లకి పట్టేసి ఉన్నాయి, మడమ పక్కకి తిప్పితే ఊడతాయి, ఇరవై ఎనిమిదేళ్లుగా తిప్పుతోంది, ఇప్పుడు తిరగదే. ఓరిన్, ఆపు, ఆపు, ఆపు. ఒక కాలు వచ్చింది. ముందు ఓరిన్ భుజాలు ఒక్కసారి నిలిచిపోయాయి, తర్వాత మెల్లగా, ఎవరో కూర్చోబెట్టినట్టు, సీటు మీద కూర్చున్నాడు, నుదురు హ్యాండిల్ మీది తువ్వాలుకి ఆనించాడు. ఎవరూ చూడలేదు. చూసినా ఏమీ అనుకోరు, ప్రతి శనివారం ఇద్దరు ముగ్గురు అలా వాలిపోయి రొప్పుతారు, సైకిల్ స్టాండుకి బిగించి ఉంటుంది, పడదు, బూట్లు పెడళ్లకి ఉంటాయి, మనిషి జారడు. వెనక స్టాండులోని బరువు చక్రం తిరుగుతూనే ఉంది. అతని కాళ్లు కూడా దాంతోపాటు నెమ్మదిగా ఇంకో రెండు చుట్లు తిరిగాయి.

రెండో కాలు ఊడింది, ఆమె సైకిల్ మీదినుంచి దాదాపు పడింది, తడి రబ్బరు నేల మీద బూట్ల ఇనుప అడుగులు జారాయి, ఒక చేత్తో స్టాండు, ఒక చేత్తో ఛాతీ మీది పట్టీ పట్టుకొని లేచింది. అదే సమయానికి లైల్ గోడ కేసి చూశాడు. మారిట్ అన్న పేరు కింద నూట తొంభై నాలుగు లేదు, గుండె చప్పుడు అందనప్పుడు వచ్చే రెండు గీతలు ఉన్నాయి. మారిట్ కేసి చూశాడు, పాలిపోయిన ముఖం, ఛాతీ మీద చెయ్యి, నిలబడలేక ఊగుతున్న కాళ్లు. లైల్‌ది పెద్ద శరీరం, అంత పెద్ద శరీరం అంత వేగంగా కదలడం ఎవరూ చూడలేదు. పాట ఆపేశాడు, కౌంటరు వెనక గోడకి తగిలించి ఉన్న, ఆగిన గుండెకి షాకు ఇచ్చే పెట్టె లాక్కొని, "మారిట్! పట్టుకోండి మారిట్‌ని!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. కార్లీన్ అప్పటికే దూకి ఆమె నడుం చుట్టూ చేతులు వేసింది. వెనక వరసవాళ్లు, పక్క వరసవాళ్లు, అందరూ సైకిళ్లు దిగి వచ్చేశారు, మంచి మనుషులు, ఒకళ్లు తువ్వాలు తల కింద పెడుతున్నారు, ఒకళ్లు కాళ్లు ఎత్తండి అంటున్నారు, ఒకళ్లు అంబులెన్సుకి ఫోన్‌లో చెబుతున్నారు, ఆడమనిషి, యాభై ఏడు, గుండె, అవును, తెర మీద చూశాం.

ఆమె వాళ్లని తోస్తోంది. మాట రావడం లేదు, నోరు తెరిస్తే గాలే. వాళ్లు ఎంతమంది ఉన్నారో, పది మంది, పది వీపులు అతని వైపు, అందరి ముఖాలూ తన వైపు, భయంతో ప్రేమతో తన మీదికి వంగి, సందు లేకుండా గోడ కట్టినట్టు. లైల్ మోకాళ్ల మీద కూర్చొని పెట్టె మూత తెరిచాడు, ఆమె చొక్కా మీది జిప్పు పట్టుకున్నాడు.

"కదలకు తల్లీ, కదలకు, మేమున్నాం. ఓరిన్‌కి చెప్పండి ఎవరైనా. ఓరిన్! ఇటు రా రా!"

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది.

"నా గుండె కాదు," అంది. "ఆ అంకె నాది కాదు లైల్. పట్టీలు మారిపోయాయి. అది ఓరిన్‌ది."

లైల్‌కి అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో ఆమె లెక్కపెట్టింది, నాలుగు సెకన్లు. తర్వాత అతను పెట్టె పట్టుకొని లేచాడు, అందరికంటే ముందు అతనే వెనక్కి, ఓరిన్ కేసి తిరిగాడు.